ముందు ఆబోతును చూశారా?

లోకంలో ఏం చెడినా ముందు మగవాణ్ణి అనుమానించడం మా ఆబోతు సారు జబ్బు. మందు లేదు. ఆయన పశువుల సంతాన పరిశోధన కేంద్రంలో పెద్ద శాస్త్రవేత్త. నా ఖర్మ కాలి, నా బల్ల ఆయన పక్కనే.

ఎవరైనా ఆవును తోలుకొచ్చి, "ఎదకొస్తోంది గానీ చూడి కట్టడం లేదు సారూ, గొడ్డుమోతుదేమో" అంటే చాలు, కళ్లజోడు నుదుటి మీదికి తోసేవాడు.

"ముందు ఆబోతును చూశారా?"

"దానికేం సారూ! కొండలా ఉంది."

"కొండకెక్కడైనా పిల్లలు పుట్టాయా?"

ఇక ఆబోతును తోలుకు రావాలి, దాని వీర్యం తీయాలి, సారు దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి పెళ్లిచూపుల్లో మేనత్తలా తాపీగా వంకలు వెతకాలి. ఈలోగా బయట కట్టేసిన ఆవు నా గొడుగు నమిలేసేది. చాలాసార్లు లోపం ఆవుదేనని తేలేది. అప్పుడు సారు మొహం చూడాలి, సొంత ఆస్తి పోయినట్టుండేది. అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మర్నాడు మళ్లీ అదే పాట.

పోనీ పశువులతో ఆగాడా? ఒకసారి నీళ్ల మోటారు ఆగిపోయింది. మెకానిక్ దాన్ని విప్పి, ముక్కలన్నీ నేల మీద పరుచుకున్నాడు. ఈయనొచ్చి, "ముందు ఆబోతును చూశారా?" అన్నాడు. తీరా చూస్తే వాచ్‌మన్ స్విచ్ వెయ్యడం మరిచిపోయాడు. దొరికిందే సందు! వారం రోజులు ఈయన నేల మీద నడవలేదు.

టీ చప్పగా ఉందని మేం టీ కొట్టావిడ మీద విరుచుకుపడితే, ఈయన అడ్డొచ్చాడు. "ముందు ఆబోతును చూశారా? చక్కెర తెమ్మని ఎవర్ని పంపిందో కనుక్కున్నారా?"

"మీ నోట్లో చక్కెర పొయ్య! మా ఆయన తెస్తేగా పొయ్యడానికి!" అందావిడ. ఆ రోజునుంచి ఈయనకు మాత్రం గ్లాసు నిండా టీ, మాకు సగం.

ఇలాంటి మనిషికి పదోన్నతి ఎవరిస్తారు? పశువుల గొడ్డుతనంలో మగజీవి పాత్ర మీద ఎన్ని వ్యాసాలు రాశాడో, డైరెక్టర్ అన్నిటినీ పక్కన పెట్టాడు. ఊరంతా నవ్వింది. ఆయన భార్య కూడా మా ముందే వేళాకోళం చేసేది. "పాలు విరిగాయంటే నన్నేమీ అనరు. పాలు తెచ్చింది నేనేగా అని తన్ను తనే తిట్టుకుంటారు!" వాళ్లకు పిల్లల్లేరు. ఎందుకో గానీ, ఆ మాట ఆవిడ దగ్గర ఎవరూ ఎత్తేవారు కాదు.

ఇంతలో మా ఇంటి మీద పిడుగు పడింది. ఒక ఆదివారం మా అక్కను, అక్క పెట్టెను వెంటబెట్టుకుని వాళ్ల అత్తగారు దిగింది. వెనకాల మా బావ, తల వంచుకుని.

"పెళ్లై ఇన్నేళ్లయినా కడుపు పండలేదు. మీ పిల్ల గొడ్రాలు. మీ ఇంట్లోనే ఉంచుకోండి, మా వాడికి ఇంకో సంబంధం చూసుకుంటాం."

అక్క పెట్టె పక్కనే నేల మీద కూలబడింది. బావ గోడ మీది క్యాలెండర్ చదువుతున్నాడు. సరిగ్గా అప్పుడే నా దగ్గరున్న ఆఫీసు బీరువా తాళాల కోసం ఆబోతు సారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. అంతా విన్నాడు. చెయ్యి కళ్లజోడు మీదికి వెళ్లింది. దేవుడా, ఆ మాట ఒక్కటీ వద్దని మొక్కుకున్నాను.

"ముందు ఆబోతును చూశారా?"

అత్తగారు అంతెత్తున లేచింది. "ఎవడయ్యా నువ్వు? నా కొడుకు పశువా?"

"పశువైతే నేనే చూసేవాణ్ణమ్మా. మనిషి గనక ఆస్పత్రికి తీసుకెళ్లాలి."

"మా వాడికేం? కొండలా ఉన్నాడు!"

తరవాతి మాట నాకు కంఠతా వచ్చు. కానీ ఈసారి ఆయన అది అనలేదు.

"నేనూ కొండలానే ఉండేవాణ్ణమ్మా. నలుగురూ మా ఆవిణ్ణి గొడ్రాలన్నారు. నేనూ ఊరుకున్నాను. తీరా పరీక్ష చేయిస్తే లోపం నాదే. ఒకళ్లకి చెబితే ఒకళ్ల నోరే మూతపడుతుంది. అందుకే రోజూ పదిమందిలో వాగుతుంటాను. నన్ను చూసి నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆవిణ్ణి మాత్రం మళ్లీ ఎవరూ ఆ మాట అనలేదు."

బావ క్యాలెండర్ వదిలి, మొదటిసారి అక్క వైపు చూశాడు.

"సారూ, ఆస్పత్రి ఎంత దూరం?"

మర్నాడు సారే స్కూటరెక్కించుకుని తీసుకెళ్లాడు. దారిపొడుగునా మేత గురించి, నిద్ర గురించి అడుగుతూనే ఉన్నాట్ట. బావ ప్రాణం తోకకొచ్చిందట. లోపం బావదేనని తేలింది. మందులు వాడుతున్నాడు. ఫలితం ఇంకా తెలియదు గానీ, ఇంకో సంబంధం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అక్క పెట్టె అక్క ఇంటికే వెళ్లింది.

మొన్న సారూ, నేనూ వాళ్లింటికి వెళ్లాం. మేం కూర్చున్నామో లేదో వంటింట్లో పాలు పొంగి పొయ్యి పాలయ్యాయి. అత్తగారు కోడలి వైపు తిరిగి నోరు తెరిచింది. కుర్చీలో సారు చెయ్యి మెల్లగా కళ్లజోడు మీదికి వెళ్లింది.

ఆవిడ చప్పున కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, పాలు చూస్తుండమన్నది నిన్ను కాదూ?"

సారు చెయ్యి దించేసి, నా వైపు చూసి కన్నుకొట్టాడు. ఇన్నేళ్ల పరిశోధనలో ఆయన సాధించింది ఇదొక్కటే. దానికి కూడా పదోన్నతి ఇవ్వరు, చూస్తూండండి.