పింఛను కోసం వేరు కాపురం

ఘనపూర్ మండలంలోని ఆ ఊళ్లో ఎవరికి ఏ పింఛను వస్తుందో, ఎవరికి ఎందుకు రాదో తెలుసుకోవాలంటే మండలాఫీసు దాకా పోనక్కర్లేదు. వెంకట్రాం ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుంటే చాలు. ఎప్పుడో ఒకసారి ఉపసర్పంచ్‌గా చేశాడాయన. పదవి పోయింది గానీ ఆ అలవాటు పోలేదు. వితంతువులకు ఏ కాగితం కావాలో, గీత కార్మికులకు ఎవరి సంతకం పడాలో, వికలాంగుల శిబిరం ఏ రోజు పెడతారో ఆయనకు నోటికొచ్చు. పొద్దున్నే అరుగు నిండేది. వచ్చినవాళ్లకు లోపలి నుంచి చాయ్ వచ్చేది. ఆ చాయ్ తెచ్చే మనిషి సుభాషిణి, ఆయన భార్య.

ఒకప్పుడు వాళ్లది పెద్ద సేద్యమే. బోర్లు ఎండి, బిడ్డల పెళ్లిళ్లు చేసి, ఉన్నదాంట్లో చాలావరకు అమ్ముకున్నాక రెండెకరాల చెలక మిగిలింది. వెంకట్రాంకు వృద్ధాప్య పింఛను వస్తోంది. సుభాషిణికి ఇంకా ఆ వయసు రాలేదు. వచ్చినా లాభం లేదు, ఇంటికి ఒక్కరికే అని నియమం. ఊరందరికీ పింఛన్లు ఇప్పించిన తన ఇంట్లో ఒక్క పింఛనేనా అని వెంకట్రాంకు లోలోపల గుచ్చుకుంటూనే ఉండేది.

అలాంటి రోజుల్లో, భర్తకు దూరమై ఏడాది దాటిన ఆడవాళ్లకు కూడా పింఛను ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఒంటరి మహిళ పింఛను అన్నారు. పేపరు చదివిన వెంకట్రాం ముఖం వెలిగిపోయింది.

"ఏమే, గిటు రా. నీకు పింఛన్ వచ్చే తొవ్వ దొరికింది" అన్నాడు.

"నాకేం పింఛన్?"

"ఒంటరి మహిళ."

సుభాషిణి మెడలోని పుస్తెలతాడు తడుముకుంది. "నువ్వు బతికే ఉన్నవు గదయ్యా! నేను ఒంటరి ఎట్లయిత?"

"నేను బతికుంటేనే గిది వస్తది. సచ్చిపోతే వితంతు పింఛన్ అయితది, గది వేరే" అని ఆయన ఓపిగ్గా వివరించాడు. వాళ్లిద్దరూ విడిపోయి ఏడాది అయిందని పంచాయతీ నుంచి ఒక కాగితం తెస్తే సరిపోతుందట. అంతా పేరుకే. ఇంట్లో ఒక చెంచా కూడా కదలదట.

సుభాషిణికి నవ్వొచ్చింది. భయమూ వేసింది. కానీ ఆ ఇంట్లో ఆయన నిర్ణయించాక ఆమెను అడిగే ఆనవాయితీ ఎన్నడూ లేదు.

అయితే వెంకట్రాం లెక్క ఒకచోట తప్పింది. ఊరికి కొత్తగా వచ్చిన పంచాయతీ కార్యదర్శి సౌజన్య. చిన్న వయసు, మొదటి ఉద్యోగం. అబద్ధం రాయడానికి ఇంకా చెయ్యి తిరగలేదు. ఆయన చెప్పిందంతా విని మర్యాదగానే అంది: "సార్, నిన్న నేను మీ ఇంటికొస్తే అమ్మనే చాయ్ ఇచ్చింది. ఏడాది నుంచి వేరున్నరని నేనెట్ల రాయాలె? నిజంగ వేరుంటే, ఏడాది అయినంక చెప్పుండ్రి. నేనే వచ్చి విచారణ చేస్త."

ఇంకెవరైనా అయితే అక్కడితో ఊరుకునేవాళ్లు. వెంకట్రాంకు పట్టుదల పెరిగింది. "ఏడాదే గదా! చూస్కుంట పోతది" అన్నాడు. వీధికి అవతల, పత్తి నిలవ చేసే రెండు గదుల పెంకుటిల్లు ఒకటి వాళ్లదే ఉంది. దాన్ని ఊడ్పించాడు. మంచం, ట్రంకు పెట్టె, ఒక గ్యాసు పొయ్యి అక్కడికి చేర్చాడు. అలా అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న సుభాషిణి, గొడవా పంచాయితీ ఏమీ లేకుండానే, భర్త చేతుల మీదుగా భర్తను విడిచి వెళ్లింది.

మొదట్లో రాత్రి భోజనానికి ఆయన వీధి దాటి వచ్చేవాడు. పక్కింటి భాగ్యమ్మ వచ్చి హెచ్చరించింది. "వదినా, సెక్రటరీ మేడం అడుగుతుంది, అన్న గిక్కడికి వస్తుండా అని. నేను సూడలే అన్న. మళ్లమళ్ల అడిగితే అబద్ధం ఆడుడు నాతోని కాదు."

ఆ మాట వెంకట్రాంకు చేరింది. భోజనం కోసం పింఛను పోగొట్టుకోవడమా? రావడం మానేశాడు. ఆయన పొయ్యి వెలిగించే వాసన, పప్పు మాడిన వాసన వీధి దాటి వచ్చేవి. సుభాషిణి లేచి నిలబడేది. గుమ్మం దాకా వెళ్లి, నియమం గుర్తొచ్చి ఆగేది. ఆయన పెట్టిన నియమమే కదా అనుకుని తిరిగొచ్చేది. కొన్నాళ్లకు లేవడం కూడా మానేసింది.

ఆ కొత్త ఇంట్లో ఆమె మొదట వండుకున్న కూర కాకరకాయ పులుసు. చిన్నప్పుడు తల్లిగారింట్లో తిన్నది. వెంకట్రాంకు ఆ వాసనే పడదు, అందుకని పెళ్లయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో కాకరకాయ పొయ్యి ఎక్కలేదు. తనకది ఇష్టమన్న సంగతే ఆమె మరిచిపోయింది. వేడివేడిగా తింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువైంది అనుకుంది.

తర్వాత ఒక్కొక్కటే తెలిసొచ్చాయి. మధ్యాహ్నం పడుకుంటే ఎవరూ పిలవరు. టీవీలో నాయకులు అరుచుకునే చర్చలు వినక్కర్లేదు. ఆకలైనప్పుడు తినొచ్చు, కాకపోతే ఊరుకోవచ్చు. సాయంత్రం గడప మీద కూర్చుంటే భాగ్యమ్మ వచ్చేది, ఇంకో ఇద్దరు చేరేవాళ్లు. ఇన్నేళ్లు ఆ ఇంట్లో అరుగు మగవాళ్లది, ఈమెది వంటగది. తనకు ఇన్ని మాటలు వచ్చునని, తను చెబితే నలుగురు నవ్వుతారని సుభాషిణికి ఇప్పుడే తెలిసింది. కార్తీక మాసంలో ఆడవాళ్లంతా కాళేశ్వరం పోతుంటే తనూ బయలుదేరింది. ఎవరినైనా అడగాలేమో అని కాసేపు అటూ ఇటూ చూసింది. అడగాల్సినవాళ్లు ఎవరూ లేరు. గోదావరిలో మునిగి లేచి, ఒడ్డున కూర్చుని, బస్సులో నలుగురితో కలిసి పల్లీలు నములుతూ వచ్చేసింది.

ఏడాది గడిచింది. విడిపోయామని వెంకట్రాం దరఖాస్తు మీద సంతకం పెట్టి ఇచ్చాడు. విచారణకు సౌజన్య వస్తోందని తెలిసి వెంకట్రాం ముందురోజే వీధి దాటి వచ్చి గుమ్మం బయట నిలబడి పాఠం చెప్పాడు.

"ఎందుకు వేరున్నవు అంటే, మా ఆయన తాగి కొడతడు అను."

"నువ్వు తాగవు గదా?"

"పింఛన్ కోసం తాగుతున్న అనుకో!"

"ఊళ్లె అందరికీ తెలుసు గదయ్యా, నువ్వు చాయ్ తప్ప ఏం తాగవని."

"జర నేను చెప్పినట్టు చెప్పు. తలకాయ నొప్పి తేకు."

మర్నాడు సౌజన్య వచ్చింది. పెంకుటింటి ముందు కుర్చీ వేసుకుని మొదట భాగ్యమ్మను పిలిచింది. ఎదుటి ప్రహరీ గోడ మీద వెంకట్రాం తెల్ల తువ్వాల అంచు కొద్దిగా కనబడుతోంది. ఆయన గోడ వెనకే నిలబడి వింటున్నాడని సుభాషిణికి తెలుసు.

భాగ్యమ్మకు ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. "వెంకట్రామన్న మంచోడే మేడం" అని మొదలుపెట్టింది. సుభాషిణి గోడ వైపు చూసింది. "ఊళ్లె అందరి బాగోగులు అడుగుతడు. ఇంట్లనే అడగడు. ఒకసారి వదినకు చికున్ గున్యా వచ్చి కీళ్లు పట్టేసినయ్. మంచం దిగలేకపోయింది. అన్నేమో అరుగు మీదికెల్లి, నాలుగు చాయ్ తే అని కేకేస్తుండు. అయినా వదిన గోడ పట్టుకుంట పోయి చాయ్ పెట్టింది. నేనే గిలాసలు తీస్కపోయి ఇచ్చిన. ఆయనకు అది నేనన్నది గూడ తెల్వలే. గిలాస అందుకున్నడు, మాట్లాడుకుంట పోయిండు."

గోడ మీది తువ్వాల కదల్లేదు.

సౌజన్య రాసుకుని సుభాషిణి వైపు తిరిగింది. "అమ్మా, సార్ తాగుతడా? కొడతడా?"

తాగుతాడు అనాలని నోరు తెరిచింది. ఆ మాట రాలేదు. "లేదు బిడ్డా. తాగడు. ఎన్నడు చెయ్యెత్తలే" అంది.

"మరి ఎందుకు వేరుంటున్నరు?"

సుభాషిణి కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. "గిక్కడికి వచ్చినప్పుడు ఎందుకొస్తున్ననో నాకు సుత సక్కగ తెల్వదు బిడ్డా. ఆయన పొమ్మన్నడు, వచ్చిన. ఇప్పుడు తెలుసు. గిక్కడ నేను కూసుంటే నన్ను ఎవ్వరు లేపరు."

సౌజన్య కలం ఆపింది. ఇంకేమైనా అడుగుతుందనుకుంది సుభాషిణి. అడగలేదు. ఆ పిల్ల తలవంచుకుని రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది.

ఆమె వెళ్లాక కూడా వెంకట్రాం గోడ వెనక నుంచి బయటికి రాలేదు. రెండ్రోజులు అరుగు మీద కూడా కనబడలేదు. మూడోనాడు వీధిలో ఎదురై, చూపు ఎటో పెట్టి అన్నాడు: "బాగనే యాక్టింగ్ చేసినవ్. భాగ్య సుత బాగ చేసింది."

"యాక్టింగా?" అంది సుభాషిణి.

ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పింఛను మంజూరైంది. సుభాషిణి పోస్టాఫీసులో వేలిముద్ర వేసి మొదటిసారి తన పేరున వచ్చిన డబ్బు అందుకుంది. ఆమె నీళ్లకుండ పక్కన పెట్టుకోవడానికి ఓ చిన్న రేడియో కొనుక్కుంది. వెంకట్రాం ఆ సాయంత్రమే వచ్చాడు, ముఖం నిండా విజయం.

"ఇగ సామాను సదురు. రేపటికెల్లి మనింట్లనే."

"ఎట్లొస్త? మేడం మళ్లొచ్చి సూస్తదట."

"సూస్తె ఏమైతది? ఏదో ఒకటి చెప్తం."

"కలిసున్నరని తెలిస్తె పింఛన్ బంద్ చేసి, ఇచ్చింది సుత వాపస్ తీసుకుంటరని అరుగు మీద నువ్వే చెప్పంగ విన్న. చాయ్ పెడుతున్నప్పుడు అన్నీ వినబడుతయి లోపలికి."

మర్నాడు వెంకట్రాం పంచాయతీ ఆఫీసుకు పోయి, తన భార్య తన ఇంటికి రావడం లేదని సౌజన్యకు చెప్పుకున్నాడు. సౌజన్య ఆశ్చర్యపోయింది. "మీరే గదా సార్, విడిపోయినమని సంతకం పెట్టిండ్రు? ఇప్పుడు అది అబద్ధమంటే నేను పైకి రాయాల్సి వస్తది. అమ్మ పింఛను పోతది. మీ మీద సుత ఎంక్వైరీ అయితది. రాయమంటరా?"

ఆయన రాయమనలేదు. ఊరికి నియమాలు నేర్పిన మనిషిని ఆ నియమమే చెయ్యి పట్టుకుని బయటికి పంపింది. ఆ రోజు అరుగు మీద ఎవరికీ సలహా చెప్పలేదట.

తర్వాత ఆయన మెల్లగా మారాడని చెప్పడం తొందరపాటు. వంట మాత్రం వచ్చింది. అరుగు మీదికి వచ్చినవాళ్లకు ఇప్పుడు తనే చాయ్ పెడతాడు. అందుకని అక్కడికి వచ్చేవాళ్లు తగ్గారు, చక్కెర ఎక్కువ వేస్తాడట. ఒక కంటికి శుక్లం ముదిరినప్పుడు సుభాషిణే భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయింది. ఆపరేషన్ అయ్యాక ఆయన ఇంట్లోనే ఉండి వేళకు చుక్కలు వేసింది, పథ్యం వండింది. కట్టు విప్పిన రోజున ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. "ఉండిపోరాదు" అన్నాడు. గొంతులో నియమాల ఊసు లేదు.

సుభాషిణికి జాలి కలిగింది. ఇష్టమూ ఉంది, అది ఎటూ పోలేదు. "పిలిస్తె వస్త. గిట్ల బాగలేనప్పుడు ఎందుకు రాను? కానీ నా ఇంటికి నేను పోత" అంది. సంచి తీసుకుని వీధి దాటింది. ఆయన ఆపలేదు. అరుగు మీద నిలబడి, ఆమె తలుపు తీసుకుని లోపలికి పోయేదాకా కొత్త కంటితో చూశాడు.

మొన్నటి ఇంటింటి సర్వేకు ఒక బడి పంతులు వచ్చాడు. సౌజన్య అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయింది. ఈ పంతులు ఊరికి కొత్త. సుభాషిణి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అవ్వా, ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కదాన్నే సారు."

"మీ ఆయన?"

"ఉన్నడు. గా ఎదురింట్ల."

పంతులు అటు చూశాడు, ఇటు చూశాడు. "రెండు ఇండ్లు ఒకటే కుటుంబం కింద రాయాల్నా మరి?" అని తనలో తనే గొణుక్కున్నాడు.

ఆ మాట వీధి అవతలికి వినబడింది. వెంకట్రాం చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. "గట్ల రాయకుండ్రి సారూ! ఒకటే కుటుంబం అని రాస్తె ఇద్దర్ల ఒక్కరి పింఛన్ పోతది. మేం వేరు. ఎన్నో ఏండ్లకెల్లి వేరే ఉన్నం. కావాల్నంటె ఈమెనే అడుగుండ్రి."

పంతులు సుభాషిణి వైపు చూశాడు. ఆమె వెంకట్రాం వైపు చూసింది. ఎండలో ఉత్త కాళ్లతో నిలబడి రొప్పుతున్నాడు.

"నిజమే సారు, రాసుకోండ్రి" అంది సుభాషిణి. తర్వాత కొంచెం జరిగి, గడప మీద ఆయనకూ చోటిచ్చింది. "కాళ్లు కాలుతయి, ఇట్ల నీడకు రా. వచ్చినవ్ గదా, గీ కాయలు ఒలువు."

వెంకట్రాం కూర్చున్నాడు. గిన్నె దగ్గరకు లాక్కుని ఒక చిక్కుడుకాయ తీసుకున్నాడు. ఈనె ఎటు నుంచి తీయాలో తెలియక ఆమె చేతుల వైపు చూశాడు.