తేటగీతి ముందే చెప్పేసిన ఉమారాణి

మా కాలేజీలో ఉమారాణి తెలుగు చెబుతుంది, నేను సంస్కృతం చెబుతాను. ఎండాకాలం వస్తే మాత్రం ఇద్దరం పాఠాలు పక్కన పెట్టి, భుజానికి సంచులు తగిలించుకుని నాచారం అపార్ట్‌మెంట్లలో తలుపులు తడతాం. పదో తరగతి రాసిన పిల్లలను వెతికి పట్టుకోవడం ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్లకు తప్పని వేసవి కొలువు. ఆ మే నెలలో ప్రిన్సిపాల్ తెగేసి చెప్పాడు. ఈసారి తెలుగు సెక్షన్ నిండకపోతే ఎత్తేస్తారట, ఉమారాణి పోచారం బ్రాంచిలో రిసెప్షన్ చూసుకోవాలట.

నా పని సులువు. "సంస్కృతం తీసుకోండి, మార్కులు ఎటూ పోవు" అంటే చాలు, తల్లిదండ్రులు నాకు కాఫీ కూడా ఇస్తారు. ఉమారాణికి అలాంటి మాట నోట రాదు. ఆమె దగ్గరున్న సరుకల్లా ఒక్క పాత సీసపద్యం. కరువొచ్చి ఊరొదిలిన ఓ కుటుంబం కథ అది.

ఈమె పుట్టింది ఉప్పల్‌లో, ఉంటున్నదీ ఉప్పల్‌లోనే. వలస పద్యమంటే ఎందుకంత పిచ్చి అని అడిగాను ఒకసారి.

"మా నాయిన యాడికీ పోలే సార్. ఊరే మమ్ముల ఇడిసిపెట్టి పోయింది. మేం దున్నిన చేన్ల ఇప్పుడు కాలనీ ఉంది, అండ్ల మాకు తెల్సినోళ్లు ఒక్కలు లేరు. గది గూడ వలసనే గదా" అంది. నవ్వబోయి మానేశాను.

ప్రతి గుమ్మం ముందూ ఆమె పాఠం ఒకటే. "సీసం పాదాలు పొడుగుంటయమ్మా. ఒక్కొక్కటి నడుమల ఇరుగుతది. నడిసి నడిసి జర ఆగి ఊపిరి తీసినట్టు. ఇల్లు మూసుడు, బాట, అలిసిన ఎడ్లు, ఎరగని ఊరి పొలిమేర. నాలుగు పాదాలు గిట్లనే నడుస్తయి. ఎన్క బండి మీద చిలక పంజరం. ఇగ దాని ముచ్చట చివర తేటగీతిల ఉంటది." అక్కడ ఆపేసేది. గీతిలో ఏముందని అడిగితే, "కాలేజీల జెప్త, పిల్లల్ని తెలుగు తీసుకోమనున్రి" అనేది. సీరియళ్లు తీసేవాళ్లు ఈమె దగ్గర నేర్చుకోవాలి.

ఈ ఎత్తు తెనాలి నుంచి వచ్చి నాచారంలో స్థిరపడిన సుబ్బులుగారి దగ్గర పారలేదు. మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, తలుపుకు వీపు ఆనించి నిలబడిందావిడ.

"మావాడు తేజేష్ సంగతి తర్వాత. ముందు ఆ చిలక ఏమైందో చెప్పండి."

"చెప్తే మీవోడు చేరడమ్మా."

"చెప్పకపోతే మీరు గుమ్మం దాటరు."

ఉమారాణి చెప్పేసింది. పొలిమేరలో ముసలమ్మ పంజరం తలుపు తీస్తుంది, పద్యం అయిపోతుంది. "సీసమంత నడక, గీతి పొట్టిది. తలుపు తీసుడొక్కటే. ఎగిరిందా లేదా అన్నది కవి చెప్పలే."

సుబ్బులుగారు మండిపడింది. "ఆ ముసలమ్మ అదేం మనిషండీ! పంజరంలో పెరిగిన పిట్టకి గింజ ఏరుకోవడం వచ్చా, పిల్లిని చూసి పారిపోవడం వచ్చా? ఎగరలేదు. ఎగరదు కూడా."

సాయంత్రానికల్లా తేటగీతి ఆ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. పిల్లి పట్టుకుపోయిందని పైఅంతస్తు శాంతాబాయి, తిరిగొచ్చి బండి మీద వాలిందని మరొకరు. ఒకాయన చిలక బొమ్మతో గుడ్ ఈవెనింగ్ పెట్టాడు. మర్నాటి నుంచి ఏ తలుపు తట్టినా "చిలక కథేగా, తెలుసు" అని వేసేసుకోవడమే. ఉప్పల్ మెట్రో మెట్ల మీద కూలబడి ఉమారాణి "నా కొంప నేనే ముంచుకున్న సార్" అంది. ఈ మనిషి రిసెప్షన్‌లో కూర్చుని, సారు మీటింగులో ఉన్నారని చెబుతూ బతకాలా అనుకున్నాను.

అడ్మిషన్ల ఆఖరి రోజున తేజేష్ తల్లితో వచ్చాడు. అలవాటుగా సంస్కృతం ఫారం తీశాను.

"తెలుగు కావాలి సార్. అప్పట్నుంచి మా ఇంట్లో రోజూ గొడవే. ఎగరలేదని అమ్మ, ఎగిరిందని నేను. పద్యం మొత్తం చదివి గెలవాలి."

వెనక ఆ అపార్ట్‌మెంట్ పిల్లలే వరసగా నిలబడ్డారు. అందరి ఇళ్లలోనూ అదే యుద్ధమట. సెక్షన్ నిండేలా ఉంది. సుబ్బులుగారు సంతకానికి పెన్ను పట్టుకుంది. సరిగ్గా అప్పుడు ఉమారాణి నోరు తెరిచింది.

"అమ్మా, నిజం జెప్త. తెలుగుల మార్కులు జర తక్కువనే వస్తయి. మల్లొకసారి ఆలోచించున్రి."

ఆమె నోరు నొక్కేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

సుబ్బులుగారు కొడుకు వంక చూసింది. "స్కూలు నేనే చూశాను, ట్యూషను నేనే పెట్టించాను, ఎంపీసీ కూడా నేనే అన్నాను. వీడు నోరు తెరిచి ఇది కావాలని అడగడం ఇదే మొదలు" అని సంతకం చేసింది. తర్వాత చెంగుతో కళ్లొత్తుకుని ఉమారాణి వైపు తిరిగింది.

"ఎగరలేదనే ఇప్పటికీ అంటాను. అది సరే గానీ, తలుపు తీసేటప్పుడు ఆ ముసలమ్మ చెయ్యి ఎంత వణికిందో మీ కవి రాయలేదేమండీ?"

ఉమారాణి లేచి, తన కుర్చీ ఆవిడ వైపు జరిపింది.