లెక్కల మాస్టారి నవ్వు

మా లెక్కల మాస్టారి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఈ రోజు నేనే చేశాను. చల్లపల్లిలో నాది ఫ్లెక్సీల షాపు. చిన్నప్పుడు నోటుబుక్కుల నిండా మనుషుల మొహాలు గీసిన పిచ్చే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది.

పొద్దున్నే మాస్టారి అబ్బాయి ఆయన ఆధార్ కార్డు పట్టుకొచ్చాడు.

"నాన్న నవ్వుతున్న ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదండీ. ఇందులో కాస్త నవ్వు పెట్టగలరా?"

పది నిమిషాల్లో పెట్టాను. ఎడమ పెదవి చివర కొంచెం పైకి లేపి, కళ్లు సగం మూశాను. చూడగానే అతను కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"ఎంత బాగా కుదిరిందండీ! ఈ నవ్వు మేమే ఎప్పుడూ చూడలేదు. మీకెలా తెలుసండీ?"

"ఒక్కసారి చూశాన్లెండి, క్లాసులో," అన్నాను.

ఏడో తరగతిలో నేను గీసిన ఆయన బొమ్మనే అందరి ముందూ ముక్కలుగా చింపుతూ, "బొమ్మలేసుకుని బతుకుతావట్రా?" అన్నప్పటి నవ్వది. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

సాయంత్రం సెంటర్లో కట్టారు. పెద్దకర్మ దాకా ఉంటుంది. అటు వెళ్లినవాళ్లు తలెత్తి ఆ నవ్వు చూసి, బొమ్మలేసుకుని బతుకుతున్నానో లేదో మీరే చెప్పండి.