చుక్క గుండె లెక్క

గుర్రాల పోటీలో మల్లయ్య లెక్క మార్చేసి, రాయలసీమ పిల్లకు రావలసిన కప్పు తెలంగాణ వాడికి ఇప్పించాడని గోపన్‌పల్లిలో ఇంకా చెప్పుకుంటున్నారు. చెప్పేవాళ్లలో ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు. ఆయన భార్య నర్సమ్మను నాలుగుసార్లు కదిపితే గాని అసలు సంగతి బయటికి రాలేదు. లెక్క మారలేదు. జరిగింది వేరు.

సకల జనుల సమ్మె రోజులవి. ముప్పై కిలోమీటర్ల పోటీ. ఇందులో ముందొచ్చినంత మాత్రాన గెలిచినట్టు కాదు. వచ్చిన గుర్రం గుండె నిమిషానికి అరవై నాలుగుకు దిగినప్పుడే దాని సమయం ఆగుతుంది. అది చూడాల్సిన పశువుల డాక్టరు చందానగర్ రాస్తారోకోలో ఇరుక్కుపోయాడు. ముప్పై ఏళ్లుగా గుర్రాలు సాకుతున్న మల్లయ్య చేతికి గడియారమిచ్చి, నువ్వే చూడమన్నారు. ఆ గౌరవానికి ఆయన ఛాతీ పొంగింది.

బయల్దేరే ముందు తెలంగాణ కుర్రాడు మహేందర్ గుర్రం మీదనుంచే మల్లయ్య వైపు వంగాడు. "మల్లన్నా, నువ్వు మనోడివి. జర చూసుకో."

"గుండెకు జిల్లా ఉంటదారా? నడువ్."

ముందుగా వచ్చింది కర్నూలు వాళ్లమ్మాయి రమ్య, చుక్క మీద. రమ్య వాళ్లు కొనకముందు మూడేళ్లు మల్లయ్య చేతి మీద పెరిగిన గుర్రమది. గుండె చూద్దామని ఆయన దాని డొక్కకు అరచెయ్యి ఆనించగానే మూతి తెచ్చి, బెల్లం కోసం చొక్కా జేబు వెతికింది. డెబ్బై ఆరు. ఆగి చూస్తే మళ్లీ అంతే. ఆయన నీళ్లు తాగి వచ్చేలోపు దాని డొక్కలు నెమ్మదించాయి. తిరిగి చెయ్యి పెట్టగానే గుండె ఎగిరింది. మల్లయ్యకు అర్థమైంది. ఇంకొకరి చేత చూపించండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. వెనక వచ్చిన మహేందర్ గుర్రం ఇట్టే అరవై రెండుకు దిగింది. కప్పు అటు వెళ్లింది.

ఆనాటి నుంచి మల్లయ్య గుర్రాల షెడ్డుకు పోవడం మానేశాడు.

"లెక్క సరిగ్గనే చెప్తివి గదా, మరేంది నీ పరేషాన్?" అని నర్సమ్మ రోజూ అడిగేది.

వారం తర్వాత రమ్యే ఇంటికొచ్చింది. నర్సమ్మ వేసిన కుర్చీలో కూర్చోకుండానే అడిగింది.

"తాతా, ఊళ్లో వాళ్ల మాట నాకొద్దు. నువ్వు చెప్పు. లెక్క మార్చినావా?"

మల్లయ్య లేచి నిలబడ్డాడు.

"మార్చలే బిడ్డా. నన్ను జూసే చుక్క గుండె కొట్టుకున్నది. నాకు ఎరుకైంది. నేను పక్కకు జరిగితే నువ్వు గెలుస్తుంటివి. మా పిలగాడు గెల్వాలని జరగలే."