ఇల్లుబండి పైల్వాన్

మొన్న మాఘమాసంలో మా మనవరాలికి వచ్చిన సంబంధం వాళ్ల ఇల్లు చూడడానికి నస్పూర్ పోయాం. ఇల్లు చూడడమంటే మా వైపు చిన్న పని కాదు. పోయినవాళ్లు వంటింట్లో గిన్నెల దాకా చూస్తారు, కానీ చూడనట్టే ఉంటారు. నాకు ఎనభై దాటాయి కాబట్టి ఆ తిరుగుడు నాకు తప్పించి, ముందు గదిలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి చేతికి చాయ్ ఇచ్చారు. చాయ్ తాగుతూ ఎదురుగోడ వైపు చూశాను. దేవుళ్ల పటాల పక్కన ఒక పాత ఫోటో. రెండు కుర్చీలు, వాటిలో ఒక ముసలాయన, ఒక ముసలామె, ఇద్దరి నడుమ ఒక కుక్క. కప్పు కింద పెట్టి ఆ గోడ పక్కనున్న స్టూలు ఎక్కబోయాను. మా కోడలు "అయ్యో అత్తమ్మా!" అని ఉరికొచ్చి నా నడుం పట్టుకుంది. ఆ ఇంటి ఇల్లాలి ముఖం తెల్లబోయింది. గోడకు చెమ్మ ఉందేమో చూస్తున్నానని అనుకుందట పాపం.

నేను చూస్తున్నది కుక్క ఎడమ చెవిని. సగానికి మడతపడి, ఎవరో మూల మడిచి పెట్టిన పుస్తకం పేజీలా ఉంది. ముందు కుడికాలు కింద సగం తెల్లన. మూతి నెరిసింది గానీ కూర్చున్న తీరు మారలేదు, ఛాతీ ముందుకు, ముఖం నేరుగా కెమెరా వైపు. "గిది మా పైల్వాన్!" అని అరిచాను. ఆ అరుపుకు వంటింట్లో గిన్నెలు చూస్తున్నవాళ్లంతా ముందు గదిలోకి వచ్చేశారు. అరవై ఏండ్ల కింద ఖానాపూర్ అంగట్లో తప్పిపోయిన మా కుక్క అది. తప్పిపోయిందని ఇన్నేండ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. నిజానికి నేనే తరిమేశాను.

నా పెండ్లి నాటికి హైదరాబాదు రాష్ట్రం పేరు మారి నాలుగైదేండ్లయింది. మాది జగిత్యాల దగ్గర పల్లె, అత్తగారిల్లు జగిత్యాలలోనే. మా ఆయనకు భూమి ఉంది, నాగలి పట్టే ఓపిక లేదు. మూడు కాళ్ల స్టాండు మీద పెట్టే పెద్ద కెమెరా ఒకటి సంపాదించి ఫోటోలు తీసేవాడు. పోలీసు చర్య అయిపోయాక మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన ఒక పాత వ్యాను, చేతులు మారి మారి హైదరాబాదులో ఉండే ఆయన మేనమామకు, అక్కణ్నుంచి మా వాకిట్లోకి వచ్చింది. చెక్కపని చేసే వడ్లాయనను పిలిచి దాని కడుపులో ఇల్లు కట్టించాడు. ఒక పక్క ఇద్దరికి సరిపోయే బల్ల, బల్ల కింద బియ్యం డబ్బా, పొయ్యి, నా పెట్టె. ఇంకో పక్క నల్లగుడ్డ కట్టిన అలమార అంత గది, అందులో ఎర్ర అద్దం లాంతరు, ఫోటోలు కడిగే తొట్లు. ఇందులో ఊరూరా తిరిగి ఫోటోలు తీస్తాడట, నన్ను కూడా తీసుకుపోతాడట. మా అత్త గుమ్మంలో కూలబడింది. "పెండ్లయి మూన్నెల్లు కాలే, కొత్తకోడల్ని లారీల కాపురం పెడ్తవారా? లోకం ఏమంటదిరా?" అన్నది. "లోకం వచ్చి ఫోటో దిగుతదవ్వా, నువ్వు ఫికర్ చెయ్యకు. వానలు పడంగనే ఇంట్ల ఉంటం" అన్నాడు మా ఆయన. నేను తల వంచుకుని నిలబడ్డాను. లోపల మాత్రం ఎగిరి గంతులేస్తున్నాను. నాకు పద్దెనిమిదేండ్లు. అప్పటిదాకా నేను చూసిన లోకమంతా పుట్టిల్లు, అత్తిల్లు, నడుమ ఉన్న బండిబాట.

ఇల్లుబండిలో నాకంటే ముందు చేరిన మనిషి పైల్వాన్. మనిషి అనే అంటాను, ఎవరేమనుకున్నా సరే. పెండ్లికి ముందు నుంచి మా ఆయన వెంట తిరిగిన కుక్క. పక్కటెముకలు ఒక్కొక్కటీ కనబడేంత బక్కగా ఉండేది కాబట్టి వెటకారానికి ఆ పేరు పెట్టాడు. మా సంసారంలో మొదటి తగాదా కిటికీ పక్క సీటు కోసం. అది తనదని పైల్వాన్, పెండ్లాన్ని కాబట్టి నాదని నేను. మా ఆయన మొదటి రోజు తీర్పు చెప్పకుండా నవ్వుతూ బండి నడిపాడు. కోరుట్ల వచ్చేసరికి నేను గెలిచాను, మెట్‌పల్లి వచ్చేసరికి అది నా ఒళ్లోకెక్కి గెలిచింది. ఇద్దరం ఒకే కిటికీలోంచి తలలు బయటపెట్టి పోతుంటే పొలాల్లో పనిచేసేవాళ్లు లేచి నిలబడి చూసేవాళ్లు. నెత్తిమీద కొంగు నిలిచేది కాదు. మొదట్లో సర్దుకునేదాన్ని, సోన్ దగ్గర గోదావరి వంతెన దాటుతున్నప్పుడు సర్దుకోవడం మానేశాను. కింద అంత నీళ్లు, పైన అంత గాలి. "ఇంకోసారి దాటుదమా?" అని అడిగితే మా ఆయన నిజంగానే బండి తిప్పి అటూ ఇటూ మళ్లీ దాటించాడు. అంత సంతోషం నాకు తర్వాత బిడ్డలు పుట్టినప్పుడే కలిగింది.

రోజూ ఒక కొత్త ఊళ్లో కండ్లు తెరవడం ఎట్లుంటుందో చెప్పలేను. కోరుట్లలో తెల్లారితే తలుపుల ముందు బీడీల చాటలు. మెట్‌పల్లిలో మగ్గాల చప్పుడు. నిర్మల్‌లో బొమ్మలకు పూసే రంగు వాసన. అక్కడ చెక్కతో చేసిన సీతాఫలం ఒకటి కొన్నాను, పైల్వాన్ దాన్ని నిజమనుకుని ఒక పక్క కొరికింది. ఇప్పటికీ ఆ పంటిగాటు సీతాఫలం మా ఇంట్లో ఉంది. భైంసాలో సగం మాటలు మరాఠీ. అక్కడొక ముసలామె తన మాటలు నాకూ, నా మాటలు తనకూ అర్థం కాకపోయినా గంటసేపు నాతో ముచ్చటపెట్టి, జొన్నరొట్టెల మీద పచ్చిమిర్చి దంచిన కారం పెట్టి పంపింది. నేను కూడా పని నేర్చుకున్నాను. తొట్టిలో మందునీళ్లలో తెల్లకాగితం మీద మెల్లగా ముక్కు, మీసం, కండ్లు తేలుతుంటే ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఒకసారి ఆ తొట్టి ఖాళీగా ఉందని అందులో చింతపండు నానబెట్టాను. ఆ రోజు పప్పు పైల్వాన్ కూడా ముట్టలేదు.

అయితే మా ఆయన అనుకున్నట్టు లోకం వచ్చి వెంటనే ఫోటో దిగలేదు. అంగళ్లలో జనం మా బండి చుట్టూ మూగేవాళ్లు, కెమెరా ముందు మాత్రం ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని, ఒంట్లో రక్తం గుంజుకుంటుందని భయం. అప్పుడు మా ఆయన ఒక ఉపాయం చేశాడు. అంగడి నడుమ కుర్చీ వేసి పైల్వాన్‌ను కూర్చోబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, కెమెరా మీది మూత తీసి, "ఒకటి, రెండు, మూడు" అని గట్టిగా లెక్కపెట్టి మూత పెట్టేవాడు. ఆ మూడు అంకెల సేపు పైల్వాన్ రెప్ప కొట్టేది కాదు, తోక కదిపేది కాదు. మూత పడి "షాబాష్!" అన్నాకే ఒళ్లంతా ఊపుకుంటూ దూకేది. మర్నాడు పొద్దున దాని ఫోటోనూ దాన్నీ పక్కపక్కన పెట్టి, "నిన్న ఫోటో దిగింది, ఇయ్యాల సూడుండ్రి, ఎట్ల ఉరుకుతున్నదో! కుక్కకే ఏం కాలే, మీకేమైతది?" అనేవాడు. జనం నవ్వేవాళ్లు, ఒక్కొక్కరే ముందుకొచ్చేవాళ్లు. వచ్చినవాళ్లంతా కుక్కను కూడా పక్కన కూర్చోబెట్టమనేవాళ్లు. బాసరలో అక్షరాభ్యాసం చేసుకుని పలకలతో వచ్చిన పిల్లలు సైతం కుక్క ఉంటేనే ఏడుపు ఆపేవాళ్లు. ఆ ఎండాకాలం ఎంతమంది ఇండ్ల గోడల మీదికి మా పైల్వాన్ ఎక్కిందో లెక్కలేదు. నాకు ఎంత గర్వమో.

అందరూ కుక్కను ఎందుకు కోరుకుంటున్నారో నిర్మల్‌లో తెలిసింది. ఒకామె జ్వరంతో వాడిపోయిన పిల్లవాణ్ని ఎత్తుకొచ్చింది. ఫోటో అయ్యాక పిల్లవాడి తల చుట్టూ చెయ్యి మూడుసార్లు తిప్పి, ఆ చెయ్యి పైల్వాన్ వీపు మీద తుడిచింది. "ఫోటోల ఏదన్న కీడు ఉంటే గీ కుక్కకు పోతదక్కా. అందరు గట్లనే అంటున్నరు" అని చల్లగా నాతో చెప్పి పోయింది. అంటే ఇన్నాళ్లూ ఇన్ని ఊళ్ల కీడంతా మేము దాని నెత్తిన పెడుతున్నామన్నమాట. ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని కుక్కకు దిష్టి తీశాను. మా ఆయన చూసి, "గివన్ని నమ్ముతవా నువ్వు?" అన్నాడు. "నమ్మకం లేదు, గని భయం ఉన్నది. రేపటిసంది దాన్ని కూసోపెట్టకు" అన్నాను. "అది కూసోకుంటే జనం కూసోరు. జర ఓపిక పట్టు, వానల దాకనే గద" అన్నాడు. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను అరిచే రకం కాదు, నా పని నేను చేసేసే రకం.

ఖానాపూర్ అంగడి రోజు ఆ పని చేశాను. మా ఆయన స్టాండు నిలబెడుతుండగా పైల్వాన్‌ను బండి వెనక్కి తీసుకుపోయి, "పో, ఇయ్యాల నువ్వు ఫోటోకు రావద్దు, పో!" అని అదిలించాను. అది ఆటనుకుని చుట్టూ తిరిగి మళ్లీ కుర్చీ దగ్గరికే పోయి కూర్చుంది. కట్టెపుల్ల పట్టుకుని తరిమాను. మళ్లీ వచ్చింది. మూడోసారి మట్టిపెడ్డ తీసి విసిరాను. బెదిరించడానికే విసిరాను, కానీ అది పక్కటెముకల మీద తగిలింది. పైల్వాన్ అరవలేదు. కెమెరాను చూసినట్టే నన్ను కదలకుండా చూసింది, తర్వాత బండ్ల మధ్యలోకి పోయింది. సాయంత్రానికి తానే వస్తుందని, దాని ప్రాణం నేను కాపాడానని అనుకున్నాను. రాలేదు. మూడు రోజులు వెతికాం. ఖానాపూర్‌లో ప్రతి వాడా, ప్రతి పశువుల కొట్టం, వాగు ఒడ్డు అన్నీ తిరిగాం. అడవి దగ్గరి ఊరు కాబట్టి చిరుతపులి మాట ఎత్తినవాళ్లు కూడా ఉన్నారు. మూడోనాడు మబ్బు పట్టింది. ఒక్క వాన పడితే నల్లరేగడిలో బండి దసరా దాకా కదలదన్నారు. నేను జరిగింది చెప్పేశాను. మా ఆయన పోయి బండి స్టార్ట్ చేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిరుగు దారిలో కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆయన కూర్చోమనలేదు, నేను కూర్చోలేదు. సోన్ వంతెన ఒక్కసారే దాటాం.

ఆ వానాకాలంలోనే నాకు నెల తప్పింది, ఇల్లుబండి మళ్లీ కదలలేదు. మా ఆయన జగిత్యాలలో స్టూడియో పెట్టాడు. నలభై ఏండ్లు ఎందరికో "కదలొద్దు" అని చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఒకసారి కుర్చీ పక్కన కిందికి చూసేవాడు. ఆయన పోయి పన్నెండేండ్లయింది. ఆయనకు తెలియకుండా నేను ఖానాపూర్ వైపు నుంచి వచ్చిన ప్రతి మనిషినీ అడిగేదాన్ని, మడత చెవి కుక్క ఎక్కడైనా కనబడిందా అని. అందరి కీడూ దాన్ని తినేసిందని, దాన్ని ఒంటరిగా పంపింది నేనని, నాకు లోపల గట్టిగా ఉండిపోయింది.

నస్పూర్‌లో ఆ ఇంటాయన, పెండ్లికొడుకు తండ్రి, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనాయన, నా అరుపుకు నవ్వుతూ ఫోటో దించి నా ఒళ్లో పెట్టాడు. "గిది మా తాత, మా నాయనమ్మ. మాది ఖానాపూర్ అవతల పల్లెనమ్మా. తాత అంగడి నుంచి ఎడ్లబండి కట్టుకోని వస్తుంటే, బండి కింద నీడకు నడుచుకుంట వచ్చిందట. ఎంత గెదిమినా పోలే. బండిల పండుకుంటే గనీ దానికి నిద్ర పట్టకపోతుండె. తాత దానికోసం రోజు బండిల గడ్డి పరుస్తుండె" అన్నాడు. నేను "ఎన్నేండ్లున్నది?" అని అడిగాను. "తొమ్మిదేండ్లు. ముసల్దయి, ఎండల పండుకోని పోయింది. గీ ఫోటో దిగిననాడు నేను ఏడెనిమిదేండ్లోన్ని, మంచిగ యాదికున్నది. ఫోటో ఆయన స్టాండు పెట్టి నల్లగుడ్డ కప్పుకున్నడో లేదో, యాడ పండుకున్నదో ఉరికొచ్చి కుర్చీల నడుమ కూసున్నది. ఎవ్వలు పిలువలే. ఆయన కుక్కను తియ్యిండ్రి అన్నడు, అది కదల్లే. ఫోటో అయినంక ఆయన గుడ్డల నుంచి తలకాయ బయటికి తీసిండు. గిది పోయి ఆయన కాళ్లు వాసన చూసింది, స్టాండు చుట్టు రెండుమాట్ల తిరిగింది. మేం ఒక్కటే నవ్వుడు. మళ్ల వచ్చి తాత దగ్గర పండుకున్నది."

కండ్లద్దాలు తుడుచుకుని ఫోటో దగ్గరికి తీసుకున్నాను. ముసలాయన మీసం, ముసలామె ముక్కుపుల్ల, పైల్వాన్ మడత చెవి, అన్నీ గీసినట్టు ఉన్నాయి. తోక దగ్గర మాత్రం పొగలాగా తెల్లని మరక. మా ఆయన తీసిన అన్ని ఫోటోల్లో ఒక్కసారి కూడా కదలని తోక. మూత పడేదాకా, షాబాష్ అనేదాకా ఆగే తోక. ఆ రోజు ఆగలేకపోయింది. నల్లగుడ్డ కింద ఎవరున్నారని అనుకుందో నాకు తెలుసు. మేమే వచ్చామనుకుంది.

నేను గట్టిగా ఏడ్చేశాను. సంబంధం నచ్చలేదనుకుని ఆ ఇంటావిడ పరేషాన్ అయిపోయింది. "నా మాట నడిస్తె పిల్లను గీ ఇంటికే ఇస్తం బిడ్డా" అన్నాను కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "తొవ్వల దొరికిన కుక్కకు బండిల గడ్డి పరిచినోళ్లు, మా పిల్లను సూసుకోరా?" మా కోడలు గిన్నెలు ఇంకా పూర్తిగా చూడలేదని గొణిగింది గానీ పట్టించుకోలేదు. వస్తూ వస్తూ కారులో కిటికీ పక్క సీటు నాకే కావాలని పట్టుబట్టి కూర్చున్నాను, అద్దం దించమన్నాను. ఒళ్లో ఫోటో ఉంది, పెండ్లి దాకా ఉంచుకొమ్మని ఇచ్చారు. మూత తీసి మూడు లెక్కపెట్టేదాకా ఎవరూ కదలకూడదని మా ఆయన చెప్పేవాడు. నేను ఖానాపూర్ అంగట్లో చేతిలో మట్టిపెడ్డతో అట్లాగే అరవై ఏండ్లు నిలబడ్డాను, ఆ మూడో అంకె నాకు మొన్న నస్పూర్‌లో వినబడింది.