ఎడమ వెనక చక్రం

సింగపూర్‌లో కారుకు పదేళ్ళే ఆయుష్షు. ఆ గడువు దాటాక కూడా నడుపుకోవాలంటే ప్రభుత్వానికి మళ్ళీ పెద్ద మొత్తం కట్టాలి, లేదంటే తుక్కు కింద అప్పగించాలి. మేం కొన్న చిన్న కారు అప్పటికే ఏడేళ్ళు పూర్తిచేసుకుంది. చవగ్గా వచ్చింది కాబట్టే కొన్నాం. ఎందుకంత చవగ్గా ఇస్తున్నారో ఆలోచించే తీరిక నాకు లేదు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని ప్రపంచం బెంగపడుతున్న రోజులవి. ఆ బెంగ పుణ్యమా అని నాలాంటి తెలుగు ప్రోగ్రామర్లం విమానాల నిండా వచ్చి దిగాం. ఇల్లు యీషున్‌లో, ఆఫీసు జురాంగ్ ఈస్ట్‌లో. ఇంటి దగ్గర ఎక్కితే ఆఫీసు దగ్గర దింపే ట్రైను ఉండగా నేను కారు కొన్నానని తెలిసి స్నేహితులు ఆటపట్టించారు. "ఏరా, షోకులా? ఆ డొక్కుని తోయడానికి వీకెండ్ మమ్మల్ని పిలవకేం" అన్నాడు ఒకడు. వాడికి పిల్లలు లేరు. ఉన్నా, మా పాపలాంటి పిల్ల అయ్యుండేది కాదు.

పాపకు నాలుగేళ్ళు నిండినా మాట రాలేదు. అమ్మ అని కూడా అనలేదు. మా అత్తగారు వచ్చేపోయేవాళ్ళ చేత వస కొమ్ము పంపితే, నా భార్య దాన్ని తేనెలో అరగదీసి రోజూ నాలుక మీద రాసేది. పాప మొహం చిట్లించి ఊసేసేది. ట్రైను తలుపులు మూసుకునేముందు మోగే గంట వింటే చాలు, చెవులు మూసుకుని నేల మీద పడి గుక్కపట్టి ఏడ్చేది. మాటలు నేర్పే కేంద్రం ఊరికి ఆ చివర ఉంది. రోజూ అంత దూరం టాక్సీలో తీసుకెళ్ళడం మా వల్ల కాలేదు. కారు అందుకు కొన్నాం.

ఆ కారు నన్ను పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఏసీ బండి కదులుతున్నంతసేపూ చల్లగా, ఆగగానే వేడిగా ఊదేది. డ్రైవరు పక్క అద్దం ఒకసారి దించితే ఇంక పైకి రాదు, తలుపులోపలికి జారిపోతుంది. వాన పడితే డిక్కీలోకి నీళ్ళు, ఆ తర్వాత వారం రోజులు ముక్కిపోయిన వాసన. రేడియేటరు బాగుచేయిస్తే బ్యాటరీ పోయేది, బ్యాటరీ మారిస్తే రేడియేటరు మళ్ళీ కారేది. ఏ రిపేరూ నెల దాటి నిలవలేదు. నాకు కోపం వస్తే మనుషుల మీద ఎలా వస్తుందో ఆ కారు మీద అలాగే వచ్చేది. నడిరోడ్డు మీద దిగి టైరుని తన్నిన రోజులున్నాయి.

అన్నిటికీ మించి ఎడమ వెనక చక్రంలోంచి ఒక మూలుగు. బండి వేగం పెరిగేకొద్దీ 'గూఁ' అని పెరిగేది, ఆగితే ఆగేది. పాప సరిగ్గా ఆ చక్రం పైనే కూర్చునేది. ఆ చప్పుడు నా నరాలు పీకేస్తుంటే, తను మాత్రం తలుపుకి చెంప ఆనించి హాయిగా ఉండేది.

ఒక వానరోజు కేంద్రంలో పాపకు నేర్పే టీచరమ్మని బస్ స్టాపు దాకా దింపుదామని కారెక్కించుకున్నాం. యాభై దాటిన చైనీస్ ఆవిడ, మేమంతా ఆంటీ అనే పిలిచేవాళ్ళం. ఎర్ర లైటు దగ్గర కారాగింది. చక్రం మూలుగు ఆగింది. వెనకనుంచి పాప మెల్లిగా "గూఁ" అంది. పచ్చలైటు పడి కారు కదిలేదాకా అంటూనే ఉంది. అలా అనడం మాకు కొత్త కాదు, ఏదో కూనిరాగం అనుకునేవాళ్ళం. ఆంటీ ముందు సీట్లోంచి గిర్రున తిరిగింది.

"షి ఈజ్ యాస్కింగ్ లా! కారు వెళ్ళాలని అడుగుతోంది. దిస్ ఈజ్ హర్ వర్డ్, యు నో?"

వెనక సీట్లో పాప పక్కనున్న నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు రోడ్డు కనబడలేదు, వైపర్లు పనిచేస్తూనే ఉన్నాయి.

అప్పటిదాకా ఎర్ర లైట్లని బండబూతులు తిట్టినవాణ్ణి, ఆ తర్వాత దూరంనుంచి పచ్చలైటు కనబడితే వేగం తగ్గించడం మొదలుపెట్టాను, దగ్గరికెళ్ళేసరికి ఎర్రబడాలని. వెనకవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. కొట్టుకోనీ. ఒక సాయంత్రం మా బ్లాకులో లిఫ్టు ఎంతకీ రాకపోతే, పాప తలుపు మీద చెయ్యి పెట్టి "గూఁ" అంది. లిఫ్టుని అడిగింది! ఆ వారంలోనే పాలగ్లాసుని చూసి కూడా అంది. కారు దాటి ఆ మాట బయటికి వస్తోంది. ఆంటీ మా ఇద్దరి చేతులూ పట్టుకుని, "ఇలాగే కానివ్వండి, ఏదీ మార్చకండి" అంది.

అప్పుడే కారు తనిఖీకి పిలుపొచ్చింది. అక్కడ పాసయితేగానీ రోడ్డు పన్ను కట్టనివ్వరు, కట్టకపోతే బండి బయటికి తీయకూడదు. మా కారు పాసవలేదు. ఎడమ వెనక చక్రంలో బేరింగు అరిగిపోయిందన్నారు.

"ఏవండీ, ఆ సౌండ్ అలా ఉంచి మిగతాది బాగుచెయ్యమని అడగొచ్చుగా?" అంది నా భార్య.

"బేరింగు అరిగితే వచ్చే సౌండే అది. రెండూ ఒకటే."

"ఒక్కసారి అడిగి చూడండీ, నా కోసం."

అడిగాను. మెకానిక్ నాకు పిచ్చేమోనన్నట్టు చూశాడు. "చక్రం ఊడిపోతుంది, బాస్. వెనకాల నీ పాప కూర్చుంటుంది కదా?" అన్నాడు. సాయంత్రం కారు అప్పగిస్తూ చక్రం మీద చరిచి, "నో మోర్ సౌండ్. లైక్ న్యూ" అని నవ్వాడు.

మర్నాడు పాప తన చోట కూర్చుని తలుపుకి చెంప ఆనించింది. కారు వేగం అందుకుంది. పాప చెంప తీసి, మళ్ళీ ఆనించింది. సీటు మీదికి వంగి చెవి పెట్టింది. ఎర్ర లైటు దగ్గర ఆగాను. పాప "గూఁ" అనలేదు. నేను "గూఁ" అన్నాను. నా భార్య కూడా అంది. ఇద్దరం కలిసి అన్నాం. పక్క టాక్సీలో డ్రైవరు మమ్మల్ని వింతగా చూశాడు. పాప రెండు చెవులూ మూసుకుని, ట్రైనులో ఏడ్చినట్టు ఏడ్చింది.

లిఫ్టు దగ్గర కూడా మానేసింది. పాలగ్లాసు దగ్గరా అంతే. వెళ్ళి పాత బేరింగు అడిగితే తుక్కులో పోయిందన్నాడు మెకానిక్. ఉన్నా ఏం చేసుకునేవాణ్ణో తెలీదు. ఆంటీ కొన్ని నెలలు తంటాలు పడింది. ఆ మాట మళ్ళీ వస్తుందా అని నా భార్య అడిగితే, "నాకు తెలీదమ్మా" అంది. అబద్ధం చెప్పినా బాగుండేదని నాకు ఆవిడ మీద కోపమొచ్చింది.

ఆ తర్వాత నేను కారు బాగుచేయించడం మానేశాను. బెల్టు కీచుమంది, సైలెన్సర్ గొట్టం గలగలలాడింది, స్టీరింగు తిప్పితే కటకటలాడింది. కొత్త చప్పుడు మొదలైనప్పుడల్లా అద్దంలో పాప వైపు ఆశగా చూసేవాణ్ణి. పాప కిటికీలోంచి బయటికి చూస్తుండేది. ఏ చప్పుడూ తనకు పట్టలేదు. ఇప్పుడు తను నా భుజం దాకా ఎదిగింది. ఇప్పటికీ ఏం కావాలన్నా నా చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాక్కెళుతుంది, అంతే.

కారుకి పదేళ్ళ గడువు తీరిన రోజు, పాపకు ఏడేళ్ళప్పుడు, ముగ్గురం అదే కార్లో తుక్కు యార్డుకి వెళ్ళాం. ఏసీ లేదు, అద్దం దిగిపోయి ఉంది, డిక్కీలో నీళ్ళు, దారిపొడుగునా కీచులూ కటకటలూ. యార్డు గేటు ముందు ఎర్ర లైటు పడితే అలవాటు కొద్దీ వెనక్కి చూశాను. పాప కిటికీలోంచి బయటికి చూస్తోంది. దిగాక యార్డు మనిషి కారుని ముందుకీ వెనక్కీ నడిపి, దిగివచ్చి, ఇందులో పనికొచ్చేది ఒక్కటీ లేదన్నాడు.

ఒకటుంది. ఎడమ వెనక చక్రం ఏ చప్పుడూ లేకుండా నున్నగా తిరుగుతోంది. ఆ కారుకి మేం చేయించిన రిపేర్లన్నిటిలో చివరిదాకా నిలిచింది అదొక్కటే.