కనబడకుండా కుట్టిన జేబు

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందని నాకు నమ్మకం లేదు. అయినా చెప్పక తప్పడం లేదు. ఇన్నేళ్లుగా దీన్ని మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. గదిలో పక్క మంచం మీద పడుకునే మనిషికి చెప్పలేదు. అల్లాకు ఎలాగూ తెలుసు, ఆయనకు చెప్పాల్సిన పని పడలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అదే మేలు. నా ముఖం చూస్తూ కూర్చున్న మనిషికైతే ఈ మాటలు నా నోట రావు.

నేను దర్జీని. మాది రాయచోటి. కువైట్‌లో, రిగ్గైలో ఒక దుకాణంలో దిష్‌దాషాలు కుడతాను. ఇక్కడి మగవాళ్లు మెడ నుంచి మడమ దాకా వేసుకునే పొడుగు అంగీ అది. ఎండాకాలం తెల్లటి పల్చని గుడ్డ, చలికాలం ముదురు రంగు మందపు గుడ్డ. చూడ్డానికి అందరివీ ఒకేలా ఉంటాయి. కుట్టేవాడికి తెలుస్తుంది తేడా. భుజం ఎక్కడ నిలవాలి, పక్క ఎక్కడ జారాలి, మనిషి కూర్చుంటే ఎక్కడ ముడత పడకూడదు. నా చేతిలో పనితనం ఉంది. గొప్పకు చెప్పడం లేదు. లేదు, గొప్పకే చెబుతున్నాను, అబద్ధమెందుకు? ఆ గొప్పే కొంప ముంచింది.

మా దుకాణం యజమాని, అంటే నా వీసాకు పూచీ ఉన్న కఫీల్, పెద్ద కుటుంబంవాడు. ఆయన అన్న కొడుకు ఒకడున్నాడు. పేరు చెప్పను. ముప్పై నిండని మనిషి, మెత్తగా మాట్లాడతాడు, సలాం చెప్పకుండా లోపలికి రాడు. ఒక చలికాలం మొదట్లో, మధ్యాహ్నం దుకాణం మూసే వేళకు వచ్చి షట్టర్ సగం దించమన్నాడు. తలకు కట్టుకునే గుత్రా ఒకటి మూటగా తెచ్చాడు. కటింగ్ బల్ల మీద, నా కత్తెర పక్కనే విప్పాడు. లోపల రెండు చేతి తుపాకులు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

తాతగారివట. ఇంట్లో బీరువాలో ఉంటాయట. ఇంకో పినతండ్రి కొడుకులతో ఆస్తి తగాదా నడుస్తోందని, దీవానియాలో, అంటే మగవాళ్లంతా చేరి కూర్చునే హాల్లో, ఒకడు నలుగురి ముందు తనను బెదిరించాడని చెప్పాడు. ఎవర్నీ కాల్చనన్నాడు. ఒంటి మీద ఉందన్న ధైర్యం చాలట. ఆ ధైర్యం కోసం దిష్‌దాషా లోపల ఎవరికీ తెలియని జేబు కావాలి. తల్లికి తెలియకూడదు, పనివాళ్లకు తెలియకూడదు. ఏ తుపాకీ తీసుకోవాలో తేల్చుకోలేక నా దగ్గరికి తెచ్చాడు.

"ఏది కనబడదు, ఉస్తాద్?" అన్నాడు.

కాదనవచ్చు కదా అని మీరడుగుతారు. నేనూ అడిగాను, కొన్ని వందల సార్లు అడిగి ఉంటాను. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, వాళ్ల చిన్నాన్న చేతిలో ఉంది, భయపడ్డాను అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది నిజమే గానీ సగం నిజం. మిగతా సగం చెప్పడానికే ఈ కాగితం తీశాను. నాకు సరదా పుట్టింది. ఒక్క పొర గుడ్డలో అంత బరువును మాయం చెయ్యడం ఎలా అని చెయ్యి దురద పెట్టింది. రోజూ అవే కాలర్లు, అవే గుండీలు కుట్టే మనిషికి ఒకరోజు గట్టి పని దొరికితే ఎలా ఉంటుందో ఈ వృత్తిలో లేనివాళ్లకు చెప్పలేను.

పాత దిష్‌దాషా ఒకటి తొడిగి, ఎడమ పక్కన కచ్చా కుట్లతో జేబు వేశాను. ముందు పెద్దది పెట్టాను. దీవానియాలో కూర్చున్నట్టు నేల మీద కూర్చోమన్నాను. లేవమన్నాను. పెద్దవాళ్ల తల ముద్దాడేటప్పుడు వంగినట్టు వంగమన్నాను. వంగేసరికి మెడ పట్టీ ఒక పక్కకు లాగేసింది, పక్కటెముకల కింద గడ్డ లేచినట్టు కనబడింది. తర్వాత చిన్నది పెట్టాను. కూర్చున్నాడు, లేచాడు, వంగాడు. ఏమీ లేదు. గుడ్డ గుడ్డలాగే ఉంది.

అప్పుడతను కాస్త తటపటాయించాడు. పెద్దదానికి పక్కన చిన్న మీట చూపించాడు. అది నొక్కి ఉంటే పొరపాటున పేలదట. చిన్నది మరీ పాతది, దానికా మీట లేదు. మరి నువ్వేమంటావు అని నా ముఖంలోకి చూశాడు.

నేను తుపాకీల గురించి ఏమన్నా చదువుకున్నానా? నాకేం తెలుసని అడిగాడు? తెలియదని చెప్పొచ్చు. మీట ఉన్నదే మేలు బాబూ, గడ్డ కనబడినా ఫరవాలేదు అనొచ్చు. నా కళ్లకు మాత్రం ఆ మెడ పట్టీ ఒక పక్కకు లాగడమే కనబడుతోంది. చిన్నదే అన్నాను. పెద్దది పెడితే నా పని పాడవుతుందన్నాను. అతను నవ్వి, మాషాల్లా అని నా భుజం తట్టాడు. అలా ఆ తుపాకీని ఎంచింది నేను.

అలాంటివి రెండు దిష్‌దాషాలు కుట్టాను. లోపల బక్రమ్ అనే గట్టి గుడ్డ రెండు పొరలు వేసి, తుపాకీ అచ్చు పైకి తేలకుండా చేశాను. జేబు నోరు పక్క కుట్టులో కలిసిపోయింది. అక్కడ జేబుందని తెలియనివాడు తడిమినా వేలు దూరదు. కుట్టి ముగించిన రోజు దాన్ని తలకిందులుగా పట్టుకుని నాకు నేనే మురిసిపోయాను.

ఇప్పుడు సత్యవతి గురించి చెప్పాలి.

సత్యవతి ఆ ఇంట్లో పనిమనిషి. కోనసీమ ఆవిడ. గుండీలు ఊడినవి, పొడుగు తగ్గించాల్సినవి సంచిలో వేసుకుని డ్రైవరుతో వచ్చేది. ఇక్కడ తెలుగు మాట చెవిన పడితే చాలు, ఆమె ముఖం విప్పారేది. నన్ను అన్నా అనేది. నా యాసను వెక్కిరించేది కూడా. 'అట్లనా, ఇట్లనా' అంటూ నాలాగే అని నవ్వేది. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు, మీ గోదారోళ్లు కోపం వచ్చినా 'అండీ' అనే తిడతారంట గదా అనేవాణ్ణి.

చలి ముదిరిన రోజుల్లో ఆమె ఆ రెండింటిలో ఒక దిష్‌దాషా తెచ్చింది. మెడ దగ్గర గుండీ వదులైంది. జేబు ఖాళీగానే ఉంది, నేను ముట్టుకోగానే తెలిసింది. గుండీ కుడుతుంటే ఆమె బల్లకు ఆనుకుని నిలబడి అడిగింది.

"ఏంటన్నా, ఇస్త్రీ చేస్తంటే ఈ పక్క మందంగా తగుల్తందండి. బరువు కూడానండి. లోపలేమైనా పెట్టి కుట్టేరేంటండీ?"

గుండీకి ఇంకో కుట్టు వేశాను. తల ఎత్తలేదు.

"లైనింగ్ లేమ్మా. చలికాలం గుడ్డ గదా, అట్లే ఉంటాది. బరువుంటేనే బాగా నిలబడతాది."

"అదా. నాకేమో అనుమానం వచ్చిందండి. జేబులన్నీ తడిమి గాని మిషన్లో వెయ్యనండి నేను. ఏదన్నా పాడైతే మామా నన్నే అంటది." ఇంటి యజమానురాల్ని మామా అంటారు ఇక్కడ.

"ఆ పక్క తడిమే పని లేదులేమ్మా," అన్నాను.

ఆ చివరి మాట ఎందుకన్నాను? లైనింగ్ అని ఊరుకోవచ్చు. ఆమె వేళ్లు ఎక్కడ ఆ జేబు నోరు కనిపెడతాయో, ఇంట్లో చెబుతుందో, నా పని బయటపడుతుందో అని. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. నమ్మింది. అన్నా అని పిలిచిన మనిషి చెప్పాడు గనక నమ్మింది.

ఆ చలికాలం పోకముందే జరిగింది. ఆ అబ్బాయి ఎక్కడినుంచో అలసి వచ్చి, దిష్‌దాషా విప్పి ఉతికే బుట్టలో పడేసి నిద్రపోయాడు. తుపాకీ తియ్యడం మరిచాడు. సత్యవతి బుట్ట ఎత్తుకుని మేడ మీదికి వెళ్లింది. రెండు మామూలు జేబులూ తడిమింది. ఎడమ పక్క బరువు చేతికి తగిలే ఉంటుంది. తడిమే పని లేదని నేను చెప్పానుగా. ఈ దేశంలో ప్రతి గుడ్డలోనూ దుమ్ము ఉంటుంది. మిషన్లో వేసేముందు మన ఆడవాళ్లు ఊర్లో చేసినట్టే ఆమెకూ ప్రతి గుడ్డనూ రెండు చేతులా పట్టుకుని గట్టిగా విదిలించే అలవాటు. విదిలించింది. దిష్‌దాషా పక్క వెళ్లి తొట్టి అంచుకు కొట్టుకుంది. తుపాకీ పేలి గుండు ఆమె కుడి మోకాల్లో దిగింది.

ఈ సంగతి నాకు మొదట చెప్పింది ఆ అబ్బాయే. రెండో దిష్‌దాషా పట్టుకుని వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పనిమనిషికి దెబ్బ తగిలిందని, ప్రాణానికి భయం లేదని, మొదటి దిష్‌దాషా ఇక లేదని చెప్పాడు. ఇంట్లో పెద్దవాళ్లు ఏం చెప్పాలో నిర్ణయించేశారు. ఆమె బీరువా తెరిచి తాతగారి తుపాకీ తీసిందని, చేతిలో పేలిందని. ఇందులో జేబు విప్పెయ్ ఉస్తాద్, ఖలాస్, అన్నాడు. ఏడుస్తున్నాడు కూడా. వాడి కన్నీళ్లు అబద్ధమని నేననను.

నేను విప్పాను. ఆ కుట్లు విప్పుతుండగా నాకు అంతా తెలుసు. ఆమె బీరువా జోలికి పోలేదని చెప్పగల వస్తువు ఈ భూమ్మీద అదొక్కటే మిగిలింది, అది నా ఒళ్లో ఉంది. దాన్ని తీసుకుని ఎవరి దగ్గరికైనా వెళ్లగలను. వెళ్తే నా గతి ఏమిటి? జైలా, ఊరికి పంపడమా? అలా లెక్కలు వేసుకుంటూనే విప్పేశాను. పనివాణ్ణి గదా, పాత సూది రంధ్రాలు కనబడకుండా ఆవిరి పట్టి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చాను.

తర్వాత శుక్రవారం సత్యవతి చెల్లెలు వచ్చింది. పెద్దమ్మ కూతురు, బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఆస్పత్రి నుంచి నేరుగా బస్సెక్కి వచ్చింది. గుడ్డ విదిలిస్తే పేలిందని చెప్పి అక్క పంపిందట. ఆ దిష్‌దాషా ఒక పక్క బరువుగా ఉండేదని అన్నకు తెలుసు, కుట్టింది ఆయనే, ఆయన్నడుగు, ఆయన చెబుతాడు అని. చెల్లెలు నన్ను నిలదీయలేదు. చేతులు జోడించింది. లోపల జేబు లాంటిదేమైనా ఉందా, ఉంటే ఆ ఒక్క మాట చెప్పండి, అక్క మీద దొంగ అనే పేరు పోతుంది అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె అడగని వాటికి కూడా నేను జవాబులు చెప్పాను. ఆ మధ్య వాళ్లింటి బట్టలు చూడనే లేదన్నాను. నా దగ్గర వాళ్లవేవీ లేవన్నాను. చివరికి, లైనింగేనమ్మా అన్నాను మళ్లీ. ఆమె జోడించిన చేతులు దించింది. సరేనండి అని వెళ్లిపోయింది.

సత్యవతి మీద కేసు పెట్టలేదు. అది తమ దయ అన్నారు ఆ ఇంటివాళ్లు. కాలు కాస్త మానగానే ఇఖామా రద్దు చేసి పంపించేశారు. ఆమె మోకాలు ఇక వంగదు. ఊర్లో పిల్లల హాస్టల్లో వంటపనికి అడిగితే, కువైట్‌లో చేతివాటం చూపి వచ్చిందట అని తీసుకోలేదు. ఇదంతా ఆ చెల్లెలే చెప్పింది, తాను ఊరెళ్లే ముందు ఒకసారి దుకాణం ముందు కనబడినప్పుడు. నేను అడగలేదు. ఆమే చెప్పింది. నేను వింటానో లేదో చూడ్డానికి చెప్పిందనిపించింది.

నేను ఇంకా ఇక్కడే ఉన్నాను. అదే దుకాణం, అదే బల్ల. ఆ అబ్బాయి పెళ్లి చేసుకున్నాడు, పెళ్లి దిష్‌దాషా నేనే కుట్టాను. శుక్రవారం పొద్దున మేడల మీద ఆడవాళ్లు తడిగుడ్డలు విదిలిస్తారు. ఫట్టుమని చప్పుడవుతుంది. కిటికీ మూసేస్తాను, అయినా వినబడుతుంది. నమాజులో రుకూకు వంగినప్పుడు రెండు చేతులూ మోకాళ్ల మీద ఉంటాయి. వేళ్ల కింద నా మోకాలి చిప్ప తగులుతుంది. నోట దువా సాగుతూ ఉంటుంది, మనసు మాత్రం ఆ కుడి మోకాలి దగ్గరే ఉంటుంది. అల్లా నా నమాజు తీసుకుంటున్నాడో లేదో నాకు తెలియదు.

ఒక్కోసారి అనుకుంటాను, మరిచిపోయి బుట్టలో పడేసింది వాడు, అబద్ధం అల్లింది వాళ్లు, నేను కుట్టుపనివాణ్ణి, గుడ్డ ఇచ్చినవాడు ఎలా చెబితే అలా కుడతాను అని. ఆ మాట అనుకున్న రోజు రెండు ముద్దలు ఎక్కువ తింటాను. మర్నాటికి అది నిలవదు. మీట ఉన్నదాన్ని పక్కన పెట్టించింది ఎవరు? ఆ పక్క తడమొద్దన్నది ఎవరు? చెల్లెలు చేతులు జోడిస్తే తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది ఎవరు?

ఊరి పేరు తెలుసు. ఇంటి పేరు కూడా తెలుసు. కావాలంటే పదిమందిని అడిగి ఆమె ఫోను నంబరు సంపాదించగలను. సంపాదించలేదు. రేపు సంపాదిస్తానని మీకు మాట ఇవ్వను, నాకు నేను ఇచ్చుకుని తప్పిన మాటలు చాలు. ఇక్కడ మాత్రం రాసిపెడుతున్నాను. సత్యవతి ఏ బీరువా తెరవలేదు. ఏ తుపాకీనీ ముట్టుకోలేదు. పేలింది ఆమె చేతిలోని దిష్‌దాషాలో, నేను కుట్టిన జేబులో, నేను ఎంచిన తుపాకీ. అక్కడ చూడొద్దని నేను చెప్పాను గనక ఆమె చూడలేదు.

చెప్పేశాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఊపిరి సరిగా ఆడుతోంది. ఆమెకు చెప్పకుండానే ఆడుతోంది, అందుకు నాకు సిగ్గుగా ఉంది.